తమ్ముడు నడుస్తాడా అని అడిగావు

ప్రశ్న: మేడమ్, మాది తణుకు దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా తమ్ముడికి ఇరవై ఏళ్ళు, డిప్లొమా చివరి సంవత్సరం. నాలుగు నెలల కిందట రాత్రిపూట తన బండి మీద వస్తూ, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్ళు తగిలి పడిపోయాడు. వెన్నుకి రాడ్లు వేసి ఆపరేషన్ చేశారు. సక్సెస్ అన్నారు. కానీ బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు, కాళ్ళు కదలవు. డిశ్చార్జి కాగితంలో 'టి10, గ్రేడ్ ఎ' అని ఉంది. యూరిన్ ట్యూబు అప్పటి నుంచీ అలాగే ఉంది. ఈమధ్య రాత్రిళ్ళు కాళ్ళు వాటంతటవే ఎగిరిపడుతున్నాయి, నరాలు కదులుతున్నాయని అమ్మ సంబరపడుతోంది. చక్రాల కుర్చీ ఎక్కిస్తే ఇక లేవడని నాన్న కొననివ్వడం లేదు. నడుము కింద రూపాయి బిళ్ళంత నల్లగా కమిలింది, పసుపు రాస్తున్నాం. ఒకచోట స్టెమ్ సెల్ ఇంజెక్షన్లకి నాలుగు లక్షలు అడిగారు, ఉన్న అరెకరం అమ్ముదామనుకుంటున్నాం. వాడు ఎవరితోనూ మాట్లాడడం లేదు. మొన్న నాతో 'అప్పుడే పోయినా బాగుండేది' అన్నాడు. ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్ళిపోవాలా? మా తమ్ముడు మళ్ళీ నడుస్తాడా?

సమాధానం:

తల్లీ, నీకంటే వయసులో చాలా పెద్దదాన్ని, నువ్వు అనే రాస్తాను. చివర్లో అడిగిన ప్రశ్న దాటవేయను. కానీ దానికంటే ముందు ఈరోజే చేయాల్సినవి రెండున్నాయి. మిగతా ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు.

మొదటిది ఆ నల్లటి మచ్చ. నీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు, నాకు మాత్రం అక్కడే గుండె జారింది. స్పర్శ లేని చోట చర్మం నల్లబడిందంటే అది కమిలిన గాయం కాదు, ఒత్తిడికి రక్తం ఆడక చచ్చిపోయిన చర్మం. పైకి రూపాయి బిళ్ళంత కనిపిస్తుంది, లోపల ఎముక దాకా వెళ్ళి ఉండవచ్చు. వాడికి నొప్పి తెలియదు కాబట్టి ఎవరికీ తెలియదు. పసుపు ఆపేయండి. రేపు పొద్దున్నే సర్జన్‌కి చూపించండి, దగ్గర్లో ప్లాస్టిక్ సర్జన్ ఉంటే ఇంకా మంచిది. అప్పటిదాకా ఆ చోటు మీద బరువు పడకూడదు. వెల్లకిలా పడుకోబెట్టకండి. ఒక పక్కకి ఓరగా తిప్పి వీపు వెనక దిండు, మోకాళ్ళ మధ్య దిండు పెట్టండి. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు పెట్టండి. రెండు గంటలకోసారి పక్క మార్చండి, రాత్రి కూడా. గాలి పరుపు వేసినా సరే, మార్చాల్సిందే. మధ్యలో కన్నం ఉన్న రింగు దిండు ఎవరైనా తెచ్చిస్తే వాడకండి, అది చుట్టూ ఉన్న రక్తనాళాల్ని నొక్కేసి పుండుని ఇంకా పెంచుతుంది.

ఇంకో మాట. పప్పు తింటే చీము పడుతుందనీ గుడ్డు వేడి చేస్తుందనీ మన ఇళ్ళల్లో పథ్యం పెడతారు. మీ ఇంట్లో కూడా పెడుతూ ఉండే ఉంటారు. ఆ పథ్యం వల్ల పుండు మానదు. కొత్త చర్మం పుట్టాలంటే ప్రోటీన్ కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేప, వాడు తినగలిగినంత పెట్టండి. రక్తం ఎంత ఉందో పరీక్ష చేయించండి.

రెండోది వాడన్న ఆ మాట. 'అలా అనకూడదు నాన్నా' అని నోరు మూయించకండి. నువ్వే ఫోన్ చేసి తిన్నగా అడుగు: "చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలాగో కూడా ఆలోచించావా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉన్నదాన్ని ఒంటరిగా మోయకుండా పంచుకునే వీలు దొరుకుతుంది. మీది వ్యవసాయం చేసే ఇల్లు కాబట్టి చెబుతున్నాను, పురుగుమందు డబ్బాలు ఇవాళే ఇంట్లోంచి తీసేయించు. మందుబిళ్ళల డబ్బా అమ్మ దగ్గర ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. వాడు మాట్లాడకపోతే నువ్వు మాట్లాడు. సైకియాట్రిస్ట్‌కి కూడా చూపించండి. ఇలాంటి దెబ్బ తర్వాత వచ్చే డిప్రెషన్‌కి మందులు పనిచేస్తాయి.

ఇక నీ ప్రశ్న.

ఆపరేషన్ సక్సెస్ అయితే కాళ్ళెందుకు రాలేదు అని మీ ఇంట్లో అందరూ అనుకుంటూ ఉంటారు. వెన్నుపూస వేరు, వెన్నుపాము వేరు. వెన్నుపూస ఎముక. దాన్ని రాడ్లతో, స్క్రూలతో బిగించి నిలబెట్టవచ్చు, అతుక్కుంటుంది కూడా. ఆ ఎముకల గొట్టంలోంచి మెదడు మాటని కాళ్ళకి చేరవేసే మెత్తటి తాడు వెన్నుపాము. అది నలిగితే ఎముకలా అతుక్కోదు. మీ తమ్ముడికి జరిగిన ఆపరేషన్ ఎముక కోసం. అది బాగా జరిగిందన్న మాట నిజమే. వెన్నుపాము గురించి ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు, మీకు అలా వినిపించి ఉంటుంది.

కాగితంలో ఉన్న 'టి10' అంటే వెన్నుపాము ఛాతీ భాగంలో పదో స్థాయి. 'గ్రేడ్ ఎ' అనేది ఏషియా (అమెరికన్ స్పైనల్ ఇంజురీ అసోసియేషన్) స్కేల్ అనే కొలత. ఎ నుంచి ఇ దాకా ఉంటుంది. దెబ్బ కింద ఏ కదలికా లేకుండా, మలద్వారం దగ్గర కూడా స్పర్శ లేకపోతే ఎ అంటారు. ఆ చోట కొంచెం స్పర్శ మిగిలినా గ్రేడు మారిపోతుంది, ఆశ కూడా పెరుగుతుంది. అందుకే ఒకసారి ఫిజికల్ మెడిసిన్ (పునరావాస వైద్యం) డాక్టర్‌తో ఆ పరీక్ష మళ్ళీ చేయించండి. రావాల్సిన కదలికలో ఎక్కువ భాగం మొదటి ఆరేడు నెలల్లో వస్తుంది. ఆ తర్వాత ఏడాదిన్నర, రెండేళ్ళ దాకా కొద్దికొద్దిగా రావచ్చు. ఛాతీ, నడుము భాగంలో దెబ్బ తగిలి, నాలుగు నెలల తర్వాత కూడా గ్రేడ్ ఎ లోనే ఉన్నవాళ్ళు మునుపటిలా నడవడం మాత్రం అరుదు. చాలా అరుదు. ఈ మాట రాయడానికి నా చేయి ఆడలేదు, అయినా రాస్తున్నాను. ఎందుకో చెబుతాను.

నేను ఫిజియోథెరపిస్టుగా చేరిన రెండో ఏడు తాటిచెట్టు మీంచి పడ్డ ఇరవై రెండేళ్ళ గీత కార్మికుడు మా వార్డులో ఉండేవాడు. వాళ్ళమ్మ రోజూ నా చేయి పట్టుకుని అడిగేది. ఒకరోజు తట్టుకోలేక "నడుస్తాడమ్మా, కొంచెం ఓపిక పట్టండి" అన్నాను. వాళ్ళు ఓపిక పట్టారు. ఇంటికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టి కాళ్ళు వచ్చేదాకా ఎదురుచూశారు. నడవబోయే పిల్లాడికి చక్రాల కుర్చీ ఎందుకని కొనలేదు, ట్యూబు ఎలాగూ తీసేస్తారని మార్పించలేదు. పద్నాలుగు నెలల తర్వాత తిరిగి తీసుకొచ్చేసరికి మోకాళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి, తుంటి దగ్గర ఎముక కనిపిస్తోంది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. మేం దక్కించుకోలేకపోయాం. వెన్నుపాము దెబ్బ ఆ అబ్బాయిని చంపలేదు. కాళ్ళు వచ్చాక బతుకుదాంలే అని అందరం కలిసి ఎదురుచూడటం చంపింది. ఆ అందరిలో నేనూ ఉన్నాను.

అందుకే మీ నాన్నగారితో నేను చెప్పానని చెప్పు. కుర్చీ ఎక్కినందువల్ల ఎవరి కాళ్ళూ ఆగిపోలేదు. కాళ్ళలోకి కదలిక వచ్చేదుంటే కుర్చీలో కూర్చున్నా వస్తుంది. మంచం మీద ఉంటే మాత్రం చేతుల బలం పోతుంది, ఊపిరితిత్తుల్లో కఫం పడుతుంది, చర్మం పోతుంది. పుండు మానాక, డాక్టర్ కూర్చోవచ్చు అన్నాక, మొదట కొనాల్సింది కుర్చీయే. మెడికల్ షాపులో దొరికే ఒకే సైజు కుర్చీ వద్దు. తుంటి వెడల్పు, తొడ పొడవు కొలిచి తీసుకోవాలి. కుర్చీకి పెట్టినంత డబ్బూ మంచి కుషన్‌కి కూడా పెట్టండి. కూర్చున్నప్పుడు ప్రతి పావుగంటకో అరగంటకో ముందుకో పక్కకో వంగి పిరుదుల మీది బరువు ఒకటి రెండు నిమిషాలు తీసేయాలి. ఫోన్‌లో అలారం వాడే పెట్టుకోవాలి. పొద్దునా రాత్రీ అద్దంతో తన చర్మం తనే చూసుకోవాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే, ఆ ఎరుపు తగ్గేదాకా దాని మీద బరువు వేయకూడదు.

1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టర్ ఇలా వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల కోసం వార్డు తెరిచాడు. అంతకు ముందు వీళ్ళలో చాలామంది పుండ్లతోనూ మూత్రం ఇన్ఫెక్షన్లతోనూ పోయేవాళ్ళు. ఆయన చేయించిన పనుల్లో ముఖ్యమైనది రాత్రీ పగలూ రెండు గంటలకోసారి రోగిని పక్క మార్చడం. సరిగ్గా మారుస్తున్నారో లేదోనని రాత్రిళ్ళు తనే వచ్చి చూసేవాడు. తర్వాత వాళ్ళ చేత ఆటలాడించాడు. పారాలింపిక్స్ అక్కడి నుంచే పుట్టాయి. మీ అమ్మగారు రాత్రి రెండింటికి లేచి వాణ్ణి పక్క మార్చడం అంత పెద్ద వైద్యం.

కాళ్ళు ఎగిరిపడటం గురించి. అమ్మ సంబరాన్ని నేనే పాడుచేయాల్సి వస్తోంది. అవి స్పాజమ్స్. దెబ్బ తగిలిన చోటికి కింద వెన్నుపాము బతికే ఉంటుంది, కానీ దానికి మెదడు అదుపు తప్పింది. అందుకే దుప్పటి తగిలినా కాళ్ళు గుంజుతాయి. వాడు కదపాలనుకున్నప్పుడు కదిలితేనే అది కదలిక. అయితే ఈ గుంజుడు ఒక రకంగా మేలే చేస్తుంది. హఠాత్తుగా ఎక్కువైందంటే వాడికి తెలియని నొప్పి ఏదో ఒంట్లో ఉందని అర్థం: మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పుండు, కాలిగోరు లోపలికి పెరగడం. ఈమధ్యే మొదలయ్యాయి అంటున్నావు, ఆ పుండు కూడా ఈమధ్యదే. రెండూ డాక్టర్‌కి కలిపి చెప్పు. రోజూ రెండు పూటలా కాళ్ళ కీళ్ళన్నీ నెమ్మదిగా వంచి చాపితే గుంజుడు తగ్గుతుంది, కీళ్ళు బిగుసుకోవు.

తైలం మర్దనకీ కాపడానికీ ఎక్కడికైనా తీసుకెళ్దామని చుట్టాలు అంటారు. ఉప్పు మూట, వేడినీళ్ళ సంచి, వేడి ఇటుక, ఏదీ ఆ కాళ్ళకి తగలకూడదు. కాలినా వాడికి తెలియదు. గట్టి మర్దన కూడా వద్దు. మొదటి నెలల్లో పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, నలిపితే ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవచ్చు. ఒక కాలు రెండోదానికంటే లావుగా, వేడిగా అనిపించినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ట్యూబు. నాలుగు నెలలుగా అదే పద్ధతిలో ఉందంటే యూరాలజిస్ట్‌ని అడగాల్సిన సమయం దాటిపోయింది. చేతులు బాగున్న వాళ్ళకి చాలావరకు నప్పే పద్ధతి వేరే ఉంది. నాలుగైదు గంటలకోసారి కాథెటర్ అనే సన్నటి గొట్టం తనే పెట్టుకుని మూత్రం తీసేసి, వెంటనే కాథెటర్ తీసేయడం. 1972లో లాపిడిస్ అనే అమెరికన్ డాక్టర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆపరేషన్ థియేటర్ శుభ్రత అక్కర్లేదు, సబ్బుతో చేతులు కడుక్కుని శుభ్రంగా చేస్తే చాలు. ఒక్కోసారి వచ్చే మూత్రం 500 మిల్లీలీటర్లు దాటకుండా నీళ్ళు, వేళలు సరిచూసుకోవాలి. తడవకుండా ఉండాలని నీళ్ళు తాగడం మానేస్తారు చాలామంది, అది వద్దు. ఏటా కిడ్నీలకి స్కానింగ్, క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. చలితో జ్వరం వస్తే ఇంట్లో బిళ్ళ వేసి ఊరుకోకండి. మల విసర్జనకి కూడా రోజూ ఒకే వేళ పెట్టుకోవాలి. టిఫిన్ తిన్న అరగంటకి పేగులు వాటంతటవే కదులుతాయి, ఆ వేళకి కమోడ్ కుర్చీలో కూర్చోవాలి. గ్లవ్ వేసుకుని వేలితో ప్రేరేపించడం, సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు) వాడటం నర్సు నేర్పుతారు. ఇవి అమ్మ చేసే పనులు కాకూడదు. ఇరవై ఏళ్ళ అబ్బాయికి కాళ్ళు పోవడం కంటే ఇది ఎక్కువ నరకం, నాతో చాలామంది అన్నారు. వాడు నేర్చుకుంటే సగం మౌనం అక్కడే కరుగుతుందని నా నమ్మకం.

(మెడకి గానీ ఛాతీ పైభాగానికి గానీ దెబ్బ తగిలిన వాళ్ళ ఇంట్లో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక హెచ్చరిక. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వస్తే అది బీపీ విపరీతంగా పెరగడం. వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, ట్యూబు మడతపడిందేమో, మూత్రం ఆగిందేమో చూడండి. తగ్గకపోతే ఎమర్జెన్సీకి పరుగెత్తండి. టి6, అంతకంటే పైన దెబ్బ తగిలినవాళ్ళకే ఇది ఎక్కువగా వస్తుంది. ఈ అమ్మాయి తమ్ముడికి ఆ భయం చాలా తక్కువ.)

అరెకరం అమ్మకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము దెబ్బకి స్టెమ్ సెల్స్ ఆమోదం పొందిన వైద్యం కాదు. అనుమతి తీసుకున్న పరిశోధనల్లో మాత్రమే ఇవ్వాలి, ఆ పరిశోధనలో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. నాలుగు లక్షలు అడిగారంటేనే అది పరిశోధన కాదని తేలిపోయింది. భూమి అమ్మి ఇంజెక్షన్ చేయించుకుని, తర్వాత కుషన్ కొనడానికి డబ్బు లేక నిలబడ్డ కుటుంబాల్ని చూశాను.

ఆ నాలుగు లక్షల్లో చిన్న భాగమే అయ్యే ఖర్చుతో వాణ్ణి కొన్ని వారాలు పునరావాస వార్డులో చేర్పించండి. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కమోడ్ మీదికి తనే మారడం, కుర్చీని గతుకుల్లో నడపడం, బట్టలు వేసుకోవడం అక్కడ నేర్పుతారు. వెల్లూరు సీఎంసీలో ఈ విభాగాన్ని మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ గురించి తమ్ముడికి చెప్పు. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమెకి వెన్నుపాము దెబ్బతింది, అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. తను చక్రాల కుర్చీలో ఉండే, కుష్ఠు రోగుల చేతులకి సర్జరీలు చేసింది. న్యూయార్క్ వెళ్ళి పునరావాస వైద్యం చదువుకుని వచ్చి, 1963లో ఆ విభాగాన్ని ప్రారంభించింది. ఆమె స్వయంగా పడ్డ బాధలోంచి పుట్టిన చోటది. రాయలసీమ నుంచి, నెల్లూరు నుంచి ఎంతోమంది అక్కడికి వెళ్తారు. తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ కూడా ఉన్నాయి. వెళ్ళేముందు ఫోన్ చేసి వెన్నుపాము రోగుల్ని చేర్చుకుని శిక్షణ ఇస్తారా అని అడుగు. ఉత్త ఫిజియోథెరపీ గది ఉంటే చాలదు.

ఈలోగా ఇంట్లో చేయాల్సినవి. మంచం ఎత్తు కుర్చీ ఎత్తుకి సమంగా ఉండాలి, తక్కువైతే కోళ్ళ కింద ఇటుకలు పెట్టండి. అరుగు అడుగు ఎత్తుంటే ర్యాంపు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. పొట్టిగా కడితే వాడు ఎవరో ఒకరు తోస్తే తప్ప బయటికి రాలేడు. బాత్రూమ్ తలుపు కుర్చీ పట్టేంత వెడల్పు చేయించండి. నాన్న వాణ్ణి చంటిపిల్లాడిలా ఎత్తి దించుతూ ఉంటారు, ప్రేమకొద్దీ. ఆయన నడుము పోతుంది, వాడి భుజాలకి పని లేకుండా పోతుంది. వాడికి అన్నం కలిపి పెట్టడం ఎవరైనా చేస్తుంటే మానేయమను. చేతులకి ఏమీ కాలేదు కదా.

కాగితాల పని నువ్వు హైదరాబాద్ నుంచే చాలావరకు చేయగలవు. బండి వాడి పేరునే ఉంటే, లైసెన్సు ఉంటే, ఇన్సూరెన్స్ పాలసీ తీసి చూడు. యజమానే నడుపుతున్నప్పుడు వర్తించే పర్సనల్ యాక్సిడెంట్ కవర్ 15 లక్షలు ఉంటుంది, శాశ్వత పూర్తి వైకల్యానికి అది వర్తిస్తుంది. ఎదుటి బండి లేదు కాబట్టి ఏమీ రాదని చాలామంది అడగనే అడగరు. ఆలస్యం చేయకుండా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయి. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌కి స్లాట్ బుక్ చేయి, దాంతో యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైన వాళ్ళకి 15,000. మీ ఊరి సచివాలయంలో అడుగు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉన్నాయి. డిప్లొమా ఒక్క ఏడాదే మిగిలింది. ప్రిన్సిపాల్‌ని కలిసి తరగతి కింది అంతస్తుకి మార్చమని అడగండి. వాడి సీటు మాత్రం వదులుకోకండి.

పెళ్ళి, పిల్లలు అనే ఆలోచన వాడికి లేదనుకోకు. ఇరవై ఏళ్ళవాడు. నిన్నూ అమ్మనీ అడగలేడు. ఈ దెబ్బ తర్వాత కూడా దాంపత్యం సాధ్యమే, మందులున్నాయి, వైద్య సాయంతో తండ్రులైన వాళ్ళున్నారు. వాడు డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడే పది నిమిషాలు ఇప్పించు, మీరు బయట కూర్చోండి. వీలైతే కుర్చీలో తిరుగుతూ ఉద్యోగం చేసుకునే మనిషినొకరిని కలిపించు. పునరావాస వార్డులో అలాంటి వాళ్ళు దొరుకుతారు. నా ముప్పై ఏళ్ళ మాటల కంటే ఆ మనిషి ఒక గంట కబుర్లు ఎక్కువ పనిచేస్తాయి. స్నేహితుల్ని ఇంట్లోకి రానివ్వండి. జాలి పడేవాళ్ళని కాదు, క్రికెట్ గురించి వాదించేవాళ్ళని.

ఉద్యోగం మానకు. నెల రోజులు సెలవు పెట్టు, ఆసుపత్రిలో చేరేటప్పుడు పక్కన ఉండు, అమ్మతో పాటు నువ్వూ నేర్చుకో. తర్వాత తిరిగి వెళ్ళు. ఈ ఇంటికి నీ జీతం కావాలి, తన వల్ల అక్క బతుకు ఆగిపోయిందన్న బరువు వాడికి అక్కర్లేదు.

నీ ఉత్తరంలో అమ్మ ఏమనుకుంటోందో ఉంది, నాన్న ఏమన్నారో ఉంది. తమ్ముడిది ఒక్క వాక్యమే ఉంది, ఆ చచ్చిపోవడం గురించి. వాడికి ఏం కావాలో వాణ్ణి అడిగారా? ఇది వాడికి చదివి వినిపించు. లేదా ఫోన్ వాడి చేతికిచ్చి చదువుకోమను, ఇందులో వాడి దగ్గర దాచాల్సింది ఏమీ లేదు. నడక గురించి రాసింది కూడా. వాడికి నాలుగు నెలలుగా అనుమానం ఉండే ఉంటుంది. మీరు బాధపడతారని బయటికి అనడం లేదేమో.

ముందు ఆ పుండు. సర్జన్ ఏమన్నారో రేపు సాయంత్రానికి రాయి, ఎదురుచూస్తూ ఉంటాను.